హోమ్ వారి తోట వేలం

కరోనా తర్వాత కోర్టులు మళ్ళీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది, మాఘమాసం చివర, రాజమండ్రి జిల్లా కోర్టులో సెంట్రల్ నాజరుగా ఉన్న నాకు ఒక కొబ్బరితోట వేలం వేయమని ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నా ఉద్యోగ విరమణ దగ్గర పడింది. సర్వీసులో నేను వేసిన వేలాల్లో అదే చివరిదని చెప్పలేను గానీ, ఇంట్లో కూర్చుని చెప్పుకోదగ్గది మాత్రం అదొక్కటే.

నాజరు అంటే ఏమిటో కోర్టు మెట్లు ఎక్కనివాళ్ళకి తెలియదు. వాళ్ళు అదృష్టవంతులు కనక వాళ్ళ కోసం చెబుతాను. జడ్జి గారు తీర్పు చెబుతారు. ఆ తీర్పు కాగితం మీంచి ఊళ్ళోకి వెళ్ళి అమలు కావాలంటే మా సెక్షన్ కదలాలి. సమన్లు అందించే బంట్రోతులు, ఆస్తులు జప్తు చేసే అమీనాలు, వీళ్ళందరికీ పైన సెంట్రల్ నాజరు. జీతం గుమాస్తాది, తిట్లు మాత్రం కలెక్టరు స్థాయివి.

కోర్టు వేలాలు చాలావరకు నా చేతి మీదుగానే జరిగేవి. ఇళ్ళు, పొలాలు, మిల్లు యంత్రాలు, ఒకసారి పెళ్ళిళ్ళ బ్యాండు వాళ్ళ వాయిద్యాలు కూడా వేలం వేశాను. పాడుకున్నవాడు చవగ్గా దొరికిందని లోపల సంతోషిస్తాడు. పోగొట్టుకున్నవాడు తలుపు సందులోంచి చూస్తాడు. ఆ ఇంటివాళ్ళు మంచినీళ్ళిస్తే తాగాలా వద్దా అన్నది మా అమీనాలకి ఎప్పుడూ తేలని సంగతి. మా నాన్నగారిది మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ నవ్వుతూ విడిపోవడం చూసి పెరిగినవాణ్ణి. అలాంటిది నా వేలాల్లో నవ్వు అనేది ఎరగను. ఈ తోట వేలం దాకా.

తోట ఒక పిల్లల హోమ్ వారిది. బ్యారేజీ దాటి కాలువ గట్టు వెంట గంటసేపు వెళితే వచ్చే ఊరు. ఎప్పుడో దొరల కాలంలో మిషన్ వాళ్ళు అనాథ పిల్లల కోసం కట్టిన హోమ్, తర్వాత అక్కడి చర్చి సంఘం చేతికి వచ్చింది. హోమ్‌కి ఎదురుగా, రోడ్డుకి అవతల, రెండెకరాల పైచిలుకు కొబ్బరితోట. చాలా ఏళ్ళు ఆ కాయల దింపు డబ్బుతోను, విదేశాల నుంచి వచ్చే సాయంతోను హోమ్ నడిచింది. సాయం ఆగిపోయింది. కొబ్బరికి తెల్లదోమ పట్టి, దింపు తీయించిన కూలి కూడా రాని రోజులు వచ్చాయి. సంఘం వాళ్ళు కూర్చుని మాట్లాడుకుని తోట అమ్మేద్దామనుకున్నారు. ధర్మసంస్థ ఆస్తిని కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు కనక జిల్లా కోర్టులో పిటిషన్ వేశారు. జడ్జి గారు అనుమతి ఇస్తూ రెండు షరతులు పెట్టారు. అమ్మకం బహిరంగ వేలంలో, నాజరు ద్వారా జరగాలి. వచ్చిన సొమ్మంతా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, వడ్డీ మాత్రమే హోమ్ వాడుకోవాలి.

వేలానికి ముందు ప్రకటన అంటించాలి. ఆస్తి మీద ఒకటి, పంచాయతీ ఆఫీసు గోడ మీద ఒకటి, టముకు వేయించడం సరేసరి. ఆ పనికి అమీనాని పంపితే చాలు. మా అమీనా సూర్రావు నమ్మకమైనవాడు కూడా. అయినా ధర్మసంస్థ వ్యవహారం కదా అని నేనూ బయల్దేరాను.

హోమ్ సూపరింటెండెంటు మార్తమ్మ గారు గేటు దగ్గరే ఎదురయ్యారు. యాభై దాటిన మనిషి, చేతిలో గొడుగు, మాటలో తొందర. కోర్టువాళ్ళని చూసి బెదిరే రకం కాదు. ముందు టిఫిన్ తినండి, తర్వాత అంటించుకుందురుగాని అన్నారు. సూర్రావు నా ముఖం చూశాడు. ఇక్కడ బాకీదారు ఎవరూ లేరు, తినవచ్చని తల ఊపాను. పెసరట్టు బాగుంది.

తర్వాత ఆవిడ మమ్మల్ని వెనక హాల్లోకి తీసుకెళ్ళారు. హోమ్‌లో ఇప్పుడు అనాథ పిల్లలు కొద్దిమందే. సర్కారు హాస్టళ్ళు వచ్చాక వాళ్ళ సంఖ్య తగ్గింది. దాని బదులు, పుట్టుకతో కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లల్ని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రోజూ వ్యాన్‌లో తెచ్చి, వ్యాయామాలు చేయించి, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకి చేరుస్తారు. ఒక ఫిజియోథెరపిస్టు, ఇద్దరు ఆయాలు, ఒక పాత వ్యాన్, దాని డ్రైవరు. హాలు మధ్యలో రెండు ఇనప కడ్డీలు నడుం ఎత్తున పాతి ఉన్నాయి. వాటిని పట్టుకుని ఏడెనిమిదేళ్ళ పిల్ల ఒకతె అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. పేరు కీర్తన. నేను వింతగా చూస్తూ కడ్డీల చివర నిలబడిపోయాను. ఆ పిల్ల నా దాకా వచ్చి, చెమట తుడుచుకోకుండానే, "తాతగారూ, అడ్డు" అంది. నేను పక్కకి తప్పుకున్నాను. ఉద్యోగంలో చాలామందిని తప్పుకోమన్నాను గానీ నన్ను అంత నిక్కచ్చిగా తప్పుకోమన్నవాళ్ళు తక్కువ.

అక్కడే నిలబడి మార్తమ్మ గారు తన లెక్క చెప్పారు. కోర్టు నియమించిన వాల్యుయేటరు తోటకి ఒక కనీస ధర కట్టాడు. మా భాషలో దాన్ని సర్కారు పాట అంటాం, వేలం అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ ధరకే తోట పోతే, వచ్చే వడ్డీ ఫిజియోథెరపిస్టు జీతానికీ ఆయాలకీ సరిపోతుంది. వ్యాన్‌కి సరిపోదు.

"వ్యాన్ ఆగితే ఈ హాలు తెరిచి ఉన్నా మూసినట్టేనండి" అన్నారావిడ. "ఈ పిల్లల్ని రోజూ ఆటోలో ఎక్కించుకుని తీసుకురావాలంటే ఏ తల్లి వల్లవుతుంది? కూలి మానుకోవాలి కదండి."

పాట ఎంత పెరిగితే అంత మంచిదన్నమాట. పాట పెరగడానికి ఉపాయం ఒక్కటే, జనం రావాలి. ఉత్తర్వులో కూడా తగినంత ప్రచారం చేయాలని ఉంది. అందుకని, ఆదివారం చర్చిలో కూడా ప్రకటన చదివించమని మార్తమ్మ గారికి నేనే చెప్పాను. పదిమందికి తెలిస్తే ఇద్దరు కొనేవాళ్ళు దొరుకుతారని నా ఉద్దేశం. ఆవిడ సంతోషంగా సరేనన్నారు.

వేలం నాడు వెళ్ళి చూద్దును కదా, తోటలో షామియానా వేసి ఉంది. ఊళ్ళో సంఘం మొత్తం అక్కడే ఉంది. ఆడవాళ్ళు ఇస్త్రీ చీరల్లో, మగవాళ్ళు తెల్ల చొక్కాల్లో. బల్ల మీద దుప్పటి పరిచి రెండు అరటిగెలలు, కందగడ్డలు, కాళ్ళు కట్టేసిన కోడి ఒకటి, ఇంత లావు గుమ్మడికాయ ఒకటి పెట్టారు. మధ్యాహ్నం భోజనాలకేమో అనుకున్నాను. వేలం వేయించుకునే ఆసామీ భోజనాలు పెట్టడం కూడా నాకు కొత్తే.

పాటలో పాల్గొనాలంటే ముందుగా ధరావతు కింద కోర్టు పేర డీడీ ఇవ్వాలి. ముగ్గురు ఇచ్చారు. ఒకరు భీమవరం వైపు చెరువులున్న రాజు గారు. రోడ్డు పక్క స్థలం కనక రొయ్యల మేతకి గోడౌన్ కట్టాలని ఆయన ఆలోచన. రెండో ఆయన కాకినాడ నుంచి వచ్చిన ఎరువుల వ్యాపారి. మూడో మనిషి దానియేలు. ఈ హోమ్‌లోనే పెరిగి, కడియంలో కాస్త నేల కౌలుకి తీసుకుని చిన్న నర్సరీ నడుపుకుంటున్నాడు. చెయ్యి చూస్తే మట్టిపని చేసుకునే మనిషని తెలుస్తూనే ఉంది. ఇంత తోట కొనే స్తోమత ఉన్నట్టు లేదు. కానీ డీడీ సక్రమంగా ఉంది. డీడీ సక్రమంగా ఉన్న మనిషిని నువ్వెంతవాడివని అడిగే అధికారం నాకు లేదు.

ప్రార్థన చేసుకుంటామన్నారు. వద్దనే రూలు లేదు కనక చేసుకోమన్నాను. తర్వాత వేలం షరతులు చదివాను. హెచ్చుపాటదారు పాట మొత్తంలో నాలుగో వంతు వెంటనే చెల్లించాలి. మిగతాది పదిహేను రోజుల్లో కట్టాలి. కట్టకపోతే ధరావతు పోతుంది, మళ్ళీ వేలం వేస్తారు, ఆ వేలంలో తగ్గిన సొమ్ము మొదటి పాటదారు ఆస్తి నుంచి రాబడతారు. ఈ షరతులు కోర్టు తెలుగులో ఉంటాయి. అందరూ ఎంతో గౌరవంగా విన్నారు. చివర్లో ఒకళ్ళిద్దరు ఆమేన్ అన్నారు కూడా. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

పాట మొదలైంది. రాజు గారు సర్కారు పాట మీద కొంత పెంచారు. కాకినాడ ఆయన మరికొంత పెంచారు. దానియేలు లేచాడు. లేచి, వెనక్కి తిరిగి జనం వైపు చూశాడు. ఒక పెద్దావిడ తల ఊపింది. దానియేలు పదిహేను వందలు పెంచాడు. లక్షల్లో సాగే పాటలో పదిహేను వందలేమిటని రాజు గారు నవ్వారు. ఇంత తక్కువ పెంచకూడదని ఉత్తర్వులో లేదు. రాసుకున్నాను.

రాజు గారు లక్ష పెంచితే దానియేలు రెండు వేలు పెంచుతాడు. కాకినాడ ఆయన యాభై వేలు పెంచితే దానియేలు మరో వెయ్యి పెంచుతాడు. లేచిన ప్రతిసారీ వెనక్కి చూడడం, ఎవరో ఒకరు తల ఊపడం. స్టీలు పళ్ళెం ఒకటి జనంలో చేతులు మారుతోంది. అది టీ ఖర్చులకి చందా అనుకున్నాను. కాసేపటికి కాకినాడ ఆయన విసుగొచ్చి చేతులు కట్టుకుని కూర్చున్నారు. రాజు గారు పట్టుదల మనిషి, ఇంకా పైకి వెళ్ళారు. వాల్యుయేషన్ ఎక్కడో కింద ఉండిపోయింది. మార్తమ్మ గారి వైపు చూశాను. ఆ ధరకి వ్యాన్ హాయిగా తిరుగుతుంది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

అప్పుడు దానియేలు ఇంకొక్క వెయ్యి పెంచాడు. రాజు గారు తల అడ్డంగా ఊపి, ఇక నావల్ల కాదని కుర్చీలో వెనక్కి వాలారు.

"ఒకటోసారి" అన్నాను. "రెండోసారి" అన్నాను.

కొన్నవాడి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అంత సొమ్ముకి బాధ్యుడైన మనిషి గుటకలు మింగుతాడు. ఎంతటివాడైనా సరే. దానియేలు మాత్రం పెళ్ళిలో భోజనం చేసి లేచినవాడిలా ప్రశాంతంగా కూర్చున్నాడు. నేను మూడోసారి అనలేదు. పెన్ను బల్ల మీద పెట్టి, నాలుగో వంతు సొమ్ము ఏ రూపంలో కడుతున్నారని దానియేలుని అడిగాను.

"నేను పెంచిందంతా పళ్ళెంలో వేసేశామండి" అన్నాడతను. పళ్ళెం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అందులో వంద నోట్లు, ఐదు వందల నోట్లు, చిల్లర, మడిచిన కవర్లు.

అప్పుడు బోధపడింది. ఆ సంఘంలో ఏటా కోత పండుగ చేస్తారు. ఎవరి పొలంలో, పెరట్లో పండింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడితే, ఆఖర్న వేలం వేస్తారు. ఆ వేలానికి వాళ్ళ పద్ధతి వేరు. పాట పెంచినవాడు తను పెంచినంత మాత్రమే పళ్ళెంలో వేస్తాడు. వందకి ఉన్న గుమ్మడికాయని నూట ఇరవై అన్నవాడు ఇరవై వేసి కూర్చుంటాడు. అలా ఊరంతా తలా కాస్తా వేస్తారు. ఆఖర్న పాడినవాడికి కాయ. ఎవరూ పాడకుండా ఒక వస్తువు బల్ల మీద మిగిలిపోతే, అది తెచ్చినవాళ్ళకి చిన్నతనమని ఇంకెవరో ఒకరు తప్పకుండా పెంచుతారు. కరోనా వల్ల ఆ పండుగ ఆగిపోయింది. ఇంతలో మన తోట వేలమని చర్చిలో ప్రకటన విన్నారు. కోత పండుగ జరిగేది కూడా ఆ తోటలోనే. ధరావతు డీడీ కూడా అందరూ పోగేసి దానియేలు పేర తీశారు. అది కోర్టువారి ఆచారమేమో అనుకున్నారట.

"గుమ్మడికాయకే అంతలా పాడతామండి" అన్నాడు దానియేలు. "నేను పెరిగిన తోటండి ఇది. పోయేటప్పుడు మా నోటితో ఒక మాట పాడకపోతే ఏం బాగుంటుందండి?"

ఇక్కడ నా పరిస్థితి చెప్పాలి. నేను మూడోసారి అనేసి ఉంటే చట్టప్రకారం తోట దానియేలుది. నాలుగో వంతు కట్టలేడు. ధరావతు పోతుంది. తిరిగి వేలం వేస్తే ధర తగ్గుతుంది, తగ్గిన లక్షలన్నీ అతని దగ్గర రాబట్టాలి. అతనికున్నది కౌలు నేలలో మొక్కలు. వాటిని జప్తు చేయమని సూర్రావుని పంపే వారంటు మా సెక్షన్ నుంచే వెళుతుంది. హోమ్ పెంచిన మనిషి మీద, హోమ్ కోసం, నేను జప్తు నడపాలి. మూడోసారి అనకపోతే ఆ పాట వెనక్కి తీసుకునే హక్కు అతనికింకా ఉంది. కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. పైపాట పడగానే కింది పాట రద్దవుతుంది. దానియేలు వెనక్కి తగ్గితే రాజు గారి పాట తిరిగి లేచి రాదు. ఆయన ఆ ధరకి కట్టుబడి ఉండనక్కర్లేదు.

రెండు సంగతులూ అందరికీ వినపడేలా, ఈసారి మామూలు తెలుగులో చెప్పాను. దానియేలు నిలబడే ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదతనికి. "నా పాట తీసేసుకుంటున్నానండి" అన్నాడు. అతను అడిగింది తన ధరావతు గురించి కాదు. "అమ్మా, వ్యాన్ పోయిందా?" అని మార్తమ్మ గారిని అడిగాడు.

రాజు గారు లేచి నిలబడ్డారు. "అయితే నేనింతసేపూ పళ్ళెంతో పోటీ పడ్డానన్నమాట" అన్నారు. కోపమో వేళాకోళమో తెలియలేదు. ఫోను పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళారు. సూర్రావు నా చెవి దగ్గరికి వంగి, మూడోసారి అనేస్తే మనకి ఈ గోల ఉండేది కాదు కదండీ అన్నాడు. ఉండేది కాదు. గోలంతా తర్వాత దానియేలు నర్సరీలో ఉండేది.

మొదటి వేలం రద్దు చేస్తున్నానని, కారణం ఇదని, వేలం షీటులో రాసి చదివి వినిపించాను. మళ్ళీ మొదటి నుంచి వేలం వేస్తానన్నాను. కాకినాడ ఆయన కట్టిన చేతులు విప్పుకుని ముందు కుర్చీలోకి వచ్చారు. రాజు గారు కూడా తిరిగొచ్చారు. వెళ్ళిపోతారేమోనని నేను భయపడ్డ మాట నిజం.

రెండో వేలం నాకు అలవాటైన వేలం. నవ్వులు లేవు. రాజు గారు సర్కారు పాట దగ్గరే మొదలుపెట్టారు. కాకినాడ ఆయన పెంచితే ఆలోచించి ఆలోచించి రాజు గారు పెంచారు. ఒక దశలో వెయ్యి రూపాయల దగ్గర కూడా బేరమాడినట్టు చూశారు. ఆఖరికి తోట రాజు గారికే దక్కింది. ధర సర్కారు పాట కన్నా పైనే, ఇందాకటి ఆయన సొంత పాట కన్నా మాత్రం బాగా కింద. ఆయన తప్పేమీ లేదు. ముందు పాడినప్పుడు ఆయన ఎదురు నిలిచింది కొనేవాడికి కాదు. మూడోసారి అన్నాను. ఆయన నాలుగో వంతు చెల్లించారు, సంతకాలయ్యాయి.

మార్తమ్మ గారు వడ్డీ లెక్క నాకన్నా ముందే వేసేశారు. ఫిజియోథెరపిస్టు నిలబడ్డాడు. ఆయాలు నిలబడ్డారు. వ్యాన్‌కి డ్రైవరు జీతం దాకా వస్తుంది, డీజిలుకి రాదు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, పోనీలెండి, డ్రైవరున్నాడు కదా అన్నారు. డీజిలు లేని డ్రైవరుని పెట్టుకుని ఏం చేస్తారని నేను అడగలేదు.

దానియేలు పళ్ళెం తెచ్చి, దీన్నైనా కోర్టు లెక్కలో కలపమన్నాడు. కుదరదన్నాను. అది వేలం సొమ్ము కాదు, ఎవరిది వాళ్ళకి తిరిగి ఇచ్చేయాలన్నాను. అతను పళ్ళెం ఎత్తి పట్టుకుని, ఎవరిది వాళ్ళు తీసుకోమని నిజంగానే అడిగాడు. ఒక్కరూ లేవలేదు. ఇందాక మొదట తల ఊపిన పెద్దావిడ మాత్రం కూర్చున్న చోటి నుంచే, "పళ్ళెంలో వేసింది మళ్ళీ తీసుకుంటామేంటండి" అంది. కోర్టులో ఎన్ని రూళ్ళున్నా, అంత తిరుగులేని రూలు నేను చూడలేదు.

మార్తమ్మ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. పళ్ళెం వైపు చూశారు. ఇది వ్యాన్ డీజిలుకి అన్నారు. ఎన్నాళ్ళు వస్తుందని ఎవరో అడిగారు. వానాకాలం దాకా రావచ్చన్నారావిడ. అయితే వానాకాలం దాకా ఆగడమెందుకు, ప్రతి నెలా మొదటి ఆదివారం పాడదాం అన్నాడు దానియేలు. ఏం పాడతామని అడిగితే, ఏది పండితే అదేనండి అన్నాడు. నా ఎదురుగానే తీర్మానం అయిపోయింది. మినిట్సూ లేవు, కోరమూ లేదు. ఆ నెలదానికి ఆ రోజే మొదలుపెట్టారు, బల్ల మీద గుమ్మడికాయ ఉండనే ఉంది.

కోర్టు వేలంతో సంబంధమున్న ఉద్యోగి ఎవరూ, తన పేరున గానీ ఇంకొకరి పేరున గానీ, పాట పాడకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో స్పష్టంగా ఉంది. నా సర్వీసులో ఎన్నో మంచి వస్తువులు నా కళ్ళ ముందే కారుచవగ్గా పోయాయి. ఒక్కసారి కూడా నోరు మెదపలేదు. ఆ రోజు ఫైలుకి తాడు కట్టి, సూర్రావు సంచిలో పెట్టించి, కోర్టు వేలం ముగిసిందని టైము వేసి సంతకం చేసి, అప్పుడు గుమ్మడికాయ మీద యాభై రూపాయలు పెంచాను. పళ్ళెంలో వేశాను. సూర్రావు నోరు తెరుచుకుని చూసి, తనూ ఒక ఇరవై పెంచాడు. జనం చప్పట్లు కొట్టారు.

అంతలో వెనక నుంచి రాజు గారి గొంతు వినపడింది. ఒకేసారి ఐదు వేలు పెంచారు. అందరూ వెనక్కి తిరిగారు. ఇందాక వెయ్యికి వెనకాడిన మనిషేనా అని నా మొహంలో కనిపించిందేమో, దగ్గరికొచ్చి నోట్లు పళ్ళెంలో పెడుతూ, "అది బేరమండి, ఇది పండగ" అన్నారు. కాకినాడ ఆయన కూడా ఊరుకోలేక ఏదో పెంచారు. ఆ కాయ తిరిగి తిరిగి, నేను మరో యాభై అన్నప్పుడు అందరూ కూడబలుక్కున్నట్టు ఊరుకున్నారు. ఒకటోసారి, రెండోసారి అని దానియేలు లెక్కపెట్టాడు. మూడోసారి అనబోయి ఆగి, "నాజరు గారూ, మీరు పాడిందేంటో మీకు తెలుసు కదండీ?" అని అడిగాడు. నవ్వులే నవ్వులు. తెలుసన్నాను. కాయ నాదైంది. జీపులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మా ఆవిడ దప్పళం పెట్టి, మిగిలింది వీధంతా పంచింది.

నా రిపోర్టులో పళ్ళెం సంగతి కూడా రాశాను. జడ్జి గారు ఛాంబరులోకి పిలిపించి, ఇది రాయకపోయినా సరిపోయేది కదా అన్నారు. జరిగింది కనక రాశానండి అన్నాను. మళ్ళీ ఒకసారి చదువుకున్నారు. చదువుతున్నంతసేపూ పెదవి బిగించే ఉంచారు గానీ కళ్ళలో నవ్వు ఆగలేదు. గడువులో అభ్యంతరాలేవీ రాలేదు, అమ్మకం ఖరారైంది. రాజు గారు అక్కడ గోడౌన్ కట్టారు. కోత పండుగ ఇప్పుడు హోమ్ వెనక పెరట్లో జరుగుతోంది.

రిటైరయ్యాక మొన్న కార్తీకంలో, మొదటి ఆదివారం చూసుకుని వెళ్ళాను. ఆ రోజు బల్ల మీద ఒక పనసకాయ, నర్సరీ నుంచి దానియేలు తెచ్చిన గులాబీ అంట్లు ఉన్నాయి. అంట్ల మీద నేనూ పెంచాను, ఇప్పుడు నన్ను ఆపే కోడ్ లేదు కదా. పెద్దావిడ నా మీద పెంచేసి నవ్వింది. చీకటి పడిందని మార్తమ్మ గారు ఆపేస్తే ఆ రాత్రి హోమ్‌లోనే ఉన్నాను. మర్నాడు పొద్దున బయల్దేరబోతుంటే వ్యాన్ వచ్చింది. గేట్లోనే నిలబడి ఉన్నాను. పిల్లల్ని ఒక్కొక్కరినే దింపుతున్నారు. కీర్తన మాత్రం తన నాలుగు కాళ్ళ వాకరు ముందు దింపించుకుని, తర్వాత తను దిగి, టకటకమనిపించుకుంటూ నేరుగా నా మీదికే వచ్చింది. ఈసారి చెప్పించుకోకుండానే తప్పుకున్నాను.

నా తర్వాత వచ్చిన నాజర్లు అప్పుడప్పుడు సందేహాలడగడానికి ఫోను చేస్తుంటారు. వాళ్ళకి ఒకటే చెబుతాను. షరతులు చదివినంత మాత్రాన చెప్పినట్టు కాదు. మూడోసారి అనే ముందు ఆగి, పాడినవాడికి తను పాడింది ఏమిటో తెలుసా అని అడగండి. అడగమని ఏ రూల్లోనూ లేదు. వద్దని కూడా లేదు.